శుక్రవారం దయ్యం

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో కూర్చుని, ఫోన్‌లో దయ్యం కథ వింటున్నాను. బస్సు కుదుపుకి ఇయర్‌ఫోన్ వైరు ఊడింది. బావిలోంచి ఆడమనిషి ఏడుపు బస్సంతా వినపడింది. పక్క సీట్లో బురఖా వేసుకున్న అమ్మాయి గబుక్కున రెండు చెవులూ మూసుకుంది.

కథ ఆపేసి, "భయపడ్డావా?" అన్నాను.

"భయం గాదక్కా. ఈ కథ మేమూ వింటాండాం. ఇంకా బావి కాడికి రాలేదు."

వాళ్లాయన కువైట్‌లో డ్రైవరట. శుక్రవారం సెలవు. ఆ రోజు ఫోన్ చేసుకుని, అక్కడ ఆయనా ఇక్కడ ఈమే ఒక్కో భాగం కలిసి వింటారట. ఒకరిని విడిచి ఒకరు ముందుకు పోకూడదని ఒట్టు.

"దయ్యాల కథలే ఎందుకు? ప్రేమ కథలు వినొచ్చుగా?"

"ఒకసారి వింటిమి. ఇద్దరికీ సిగ్గయి, మాట్లాడకుండానే ఫోన్ పెట్టేస్తిమి. దయ్యమొస్తే మాత్రం ‘నేనుండాను లే, భయపడాకు’ అని శానాసేపు మాట్లాడతాడు."

"నీకంత భయమా?"

జమ్మలమడుగు వచ్చింది. ఆమె సంచి తీసుకుని లేచి, నా చెవి దగ్గరకు వంగింది.

"నాకు యాడిది భయం? మా ఆయనకు చెప్పాకు అక్కా."

ఆయన పేరు కూడా నాకు తెలియదు. అయినా చెప్పనని ఆమె చేతిలో చెయ్యి వేశాను.