మోచేతితో చూసిన నీళ్ళు

నా భార్య, మా అమ్మాయి తల్లి, పోయిన వారం తెల్లవారాక చనిపోయింది. మంచం మీద కూర్చుని జపమాల చెప్పుకుంటోంది. నేను టీ తెచ్చేసరికి తల గోడకు ఆని ఉంది. పూసలు, చివరి సిలువ వేళ్ళ మధ్యే ఉన్నాయి. గుండె జబ్బు కొంతకాలంగా ఉన్నదే.

అమ్మాయి ఈ దీవుల ఉత్తరపు కొసన, డిగ్లీపూర్‌లో టీచరు. వెంటనే బస్సెక్కినా ఇక్కడ గోల్ ఘర్‌లో మా ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. నా భార్య పుట్టింటివాళ్ళు సముద్రానికి అవతల. ఇంట్లో మరో ఆడమనిషి లేదు. నాకు ఏడుపు రాలేదు. ఒక్కటే ఆలోచన: ఈమెకు స్నానం ఎవరు చేయిస్తారు?

ఇన్నేళ్ళూ ఆ పని ఊరందరికీ చేసింది ఆమే.

మొదటిసారి చేపల రేవు పక్క బస్తీలో. అక్కడివాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మత్స్యకారులు. నా అన్నవాళ్ళు లేని ఒక ముసలమ్మ చనిపోయింది. శవాన్ని ముట్టుకున్న ఇంటికి మైల. అది తీరేదాకా ఆ ఇంటి డింగీ పడవ వేటకు దిగదు. చేపలు బాగా పడుతున్న రోజులు. ఆడవాళ్ళు గుమ్మం బయటే నిలబడి ఏడుస్తున్నారు. చేపలు కొనడానికి వెళ్ళిన నా భార్య సంచీ నా చేతికిచ్చి, చెంగు నడుముకు చుట్టింది.

"నాకు డింగీ లేదుగా. మైల నన్నేం చేస్తుంది? మీరు నీళ్ళు కాయించండి."

"సచ్చిపోయినోల్లకి ఏన్నీల్లేటి దీదీ?" అన్నారెవరో.

"బతికినన్నాళ్ళూ ఉప్పునీళ్ళలోనే నానింది కదమ్మా. ఈ ఒక్కపూట వేణ్ణీళ్ళు పోద్దాం."

నీళ్ళ బాల్టీ నేను మోశాను. "ఆఫీసు బాబు సగం ఒలకబోసేత్తన్నాడు సూడండే!" అంటూ ఒకావిడ ఆ ఏడుపులోనే నవ్వింది. అప్పటినుంచి రేవులో నా పేరు బాల్టీ భయ్యా.

పోసే ముందు నా భార్య నీళ్ళలో మోచెయ్యి ముంచి చూసింది. అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు అలాగే చూసేది. ఇంటికొచ్చాక అడిగాను. "కాలుతోందని చంటిబిడ్డా చెప్పలేదు, పోయినవాళ్ళూ చెప్పలేరు. మనమే చూసుకోవాలి" అంది.

తర్వాత ఫెరార్గంజ్ లాంటి దూరపు ఊళ్ళ నుంచి కూడా కబుర్లు వచ్చేవి. హిందూ ముత్తైదువైతే పసుపు రాసి, బొట్టు పెట్టి, వాళ్ళ పద్ధతిలోనే సాగనంపేది. బయటికొచ్చాకే తన జపమాల తీసేది. మా చర్చిలో పూజ హిందీలో. ఆమె ప్రార్థన మాత్రం తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా. ఒకసారి క్రిస్మస్ పూజకు బయల్దేరుతుంటే కబురొచ్చింది. పట్టుచీర విప్పి పాతచీర కట్టుకుంది. "సిలువ మీంచి దించి స్వామికి గుడ్డ చుట్టినవాళ్ళు ఆయన బంధువులు కారు" అంది.

మగవాణ్ణి, బాల్టీ గుమ్మం దగ్గర పెట్టి బయట నిలబడేవాణ్ణి. లోపలినుంచి ఆమె గొంతు వినబడేది. "చెయ్యి ఇలా ఇవ్వమ్మా... అయిపోయింది, ఇంకొక్కటే." బతికున్నవాళ్ళతో మాట్లాడినట్టే. పూజలో గురువు దివ్యసత్ప్రసాదపు అప్పం ఎత్తే వేళ తల ఎలా వంగుతుందో, ఆ మాటలు విన్నప్పుడు నా తల అలా వంగేది.

పోయిన వారం ఆ ఉదయం, ఏం చేయాలో తోచక, నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. అవి కాగుతుండగా ఇంటిముందు ఆటోలు ఆగాయి. రేవు ఆడవాళ్ళు. పక్కింటివాళ్ళు ఫోన్ చేశారట. ముందు నడుస్తున్నది ఆనాడు నవ్విన ఆవిడ. జుట్టు తెల్లబడింది. ఆమె కొడుకులందరికీ డింగీలున్నాయి.

"వద్దు వదినా. మీరు ముట్టుకుంటే మైల. ఇవి వేట రోజులు" అన్నాను.

"సేపలు సముద్రంలోనే ఉంటాయి భయ్యా, ఎక్కడికి పోతాయి? దీదీ ఉంటాదా రేపటికి? నువ్వు తప్పుకో."

గది తలుపు దగ్గర ఆగింది. "మీ ఓల్లల్లో పసుపు రాత్తారా? మా ఓల్లకి దీదీ మాలాగే సేసింది. దీదీకి మీలాగే సెయ్యాల."

"పసుపు వద్దు. పెళ్ళిచీర. చేతిలో జపమాల."

తలూపింది. బాల్టీ గుమ్మం దగ్గర పెట్టాను. ఆమె గాజులు పైకి తోసుకుని, మోచెయ్యి ముంచింది.

"కాల్తాది. సన్నీల్లు కలుపు బాల్టీ భయ్యా."

కలిపాను. మళ్ళీ ముంచి చూసి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపలినుంచి వినబడింది: "సెయ్యి ఇలాగియ్యి దీదీ... అయిపోనాది, ఇంకొక్కటే."

మర్నాడు సమాధుల తోటకు రేవు మీదుగా వెళ్ళాం. అమ్మాయి నా పక్కన ఉంది. గాలి లేదు. అల లేదు. వేటకు అంతకన్నా మంచి రోజు దొరకదు. ఆ ఆడవాళ్ళ ఇళ్ళ డింగీలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వాటిలో వలలు పొడిగా ఉన్నాయి.