రాయదుర్గం ఇంట్లో మాయమయ్యే డిస్కు

1998 వానాకాలం. మాదాపూర్ వైపు బండలు పగలగొట్టి పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు లేపుతున్న రోజులు. అప్పటికి నేను అమీర్‌పేటలో కంప్యూటర్లు అమ్మి, రిపేరు చేసే ఒక చిన్న షాపులో సర్వీస్ ఇంజనీరుగా మూడేళ్లు పూర్తి చేశాను. వరంగల్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి వచ్చినదాన్ని. ఆడపిల్ల స్క్రూడ్రైవర్ల సంచి వేసుకుని గుమ్మంలో నిలబడితే, అసలు మెకానిక్ వెనకాల వస్తున్నాడేమోనని జనం గేటు వైపు చూసేవాళ్లు. ఆ చూపు వల్లనేమో, ఏ ఇంటికి వెళ్లినా నాకు అంతా తెలుసన్నట్టు ఉండటం అలవాటు చేసుకున్నాను. ఈ కేసులో ఆ అలవాటే నా కొంప ముంచింది.

ఫోన్ చేసినావిడ పేరు విజయలక్ష్మి గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి రాయదుర్గంలో ఒక ఇంటి ముందు భాగం కిరాయికి తీసుకున్నారు. ఆమె చేసేది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అంటే ఎక్కడో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలను హెడ్‌ఫోన్‌లో వింటూ టైపు చేసి పంపడం. ఆ ఆడియో ఫైళ్లూ, టైపు చేసినవీ అన్నీ దాచడానికి ఇంట్లోనే ఒక సర్వర్ పెట్టుకున్నారు. సర్వర్ అంటే పెద్దదేం కాదు, ఒక పొడుగాటి కంప్యూటర్. దాని పక్కన విడిగా ఇనుప డబ్బాలో ఒక హార్డ్ డిస్కు. రెంటినీ కలుపుతూ వేలంత లావు కేబుల్. ఆ రకం కేబుల్‌ని మేము స్కజీ అనేవాళ్లం. కంప్యూటర్ తెరమీద ఆ డిస్కు ‘ఎఫ్ డ్రైవ్’ అని కనబడుతుంది.

“ఉన్నట్టుండి మాయమైపోతోందండీ. పొద్దున ఉంటుంది, మధ్యాహ్నం ఉండదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది. ఎనిమిది నెలల పని అందులోనే ఉందమ్మా. అది పోతే నేను మళ్లీ మొహం చూపించలేను పనిచ్చినవాళ్లకి” అన్నారు.

మొదటిసారి వెళ్లినప్పుడు కేబుల్ స్క్రూ కొంచెం వదులుగా కనబడింది. సంతోషపడిపోయాను. బిగించి, గంటసేపు ఫైళ్లు కాపీ చేసి చూశాను. ఏ ఇబ్బందీ లేదు. చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్తే, ఇంటి యజమాని యాదయ్య గారి భార్య బాలమణి అక్క అక్కడ గిన్నెలు తోముతోంది. వాళ్లది రాయదుర్గమే. వెనకున్న పాత ఇంట్లో వాళ్లుంటూ, ముందు కొత్తగా కట్టిన రెండు గదులు కిరాయికిచ్చారు. పెరట్లో బోరు, ఆ నీళ్లకో ఇనుప నల్లా, పక్కనే సిమెంటు తొట్టి, రేకుల కింద ఒక బర్రె.

“చెప్పులేస్కొని ముట్టు బిడ్డా, ఆ నల్లా జివ్వుమంటది” అంది బాలమణి అక్క.

నేను నవ్వాను. “వానలకు చెమ్మ ఉంటది కదా అక్కా, అట్లనే అనిపిస్తది” అన్నాను. అప్పుడు మోటర్ నడవడం లేదు. నల్లా ముట్టుకున్నాను, ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని వచ్చేశాను.

నాలుగో రోజు మళ్లీ ఫోన్. ఈసారి కేబుల్ మొత్తం మార్చాను. వారం తిరక్కుండా మళ్లీ. డిస్కునే విప్పి షాపుకి తెచ్చి మూడు రోజులు ఆపకుండా నడిపాను. ఒక్కసారి కూడా మాయం కాలేదు. మా షాపు ఓనరు “డిస్కు బంగారంలా ఉంది, ఆవిడే ఏదో వైరు తన్నుతున్నట్టుంది” అన్నాడు. నేను నమ్మలేదు. విజయలక్ష్మి గారు ఆ మెషీన్ ఉన్న గదిలోకి చెప్పులు కూడా వేసుకెళ్లని మనిషి. డిస్కు తిరిగి పెట్టడానికి వెళ్లి, కంప్యూటర్ లోపల డిస్కుతో మాట్లాడే కంట్రోలర్ కార్డు మార్చి వచ్చాను. రెండు రోజులు గడిచాయి. మళ్లీ పోయింది.

ఇగ ఇట్లా కాదని, ఈసారి పొద్దున్నే వెళ్లి, అది మాయమయ్యేదాకా కదలనని విజయలక్ష్మి గారితో చెప్పాను. ఆమె నాకు కుర్చీ వేసి, ఉప్మా పెట్టి, తన హెడ్‌ఫోన్ పెట్టుకుని టైపు చేసుకుంటూ కూర్చున్నారు. బయట సన్నగా వాన. ఆ రోజు పొద్దుటి నుంచీ రెండు ఫేజులే వస్తున్నాయి. మూడూ వస్తే తప్ప బోరు మోటర్ నడవదని, నీళ్లకు జర పరేషాన్‌గా ఉందని యాదయ్య గారు వచ్చి చెప్పిపోయారు. నేను ఆ మాటా పట్టించుకోలేదు. నా కళ్లు తెరమీద ఎఫ్ అనే అక్షరం మీదున్నాయి.

కూర్చుని కూర్చుని వైర్లు ఎటు పోతున్నాయో చూశాను. కంప్యూటర్ ప్లగ్గు కొత్త గది బోర్డులో ఉంది. డిస్కు డబ్బా ప్లగ్గు మాత్రం గోడకున్న ఇంకో బోర్డులో ఉంది. అదేంటని అడిగితే ఆమె హెడ్‌ఫోన్ తీసి, “ఆ బోర్డు పాత ఇంట్లో నుంచి లాగిందండీ. ఇక్కడ ఫేజు పోయినా అక్కడ ఉంటుంది కదా, డిస్కు అయినా ఆగకుండా ఉంటుందని నేనే అందులో పెట్టాను” అన్నారు. జాగ్రత్త కోసం చేసిన పని. నాకూ మంచి ఆలోచనే అనిపించింది.

ఒంటిగంట దాటాక వాన ఆగింది. కాసేపటికి వెనక నుంచి బాలమణి అక్క గొంతు వినబడింది. “మూడో ఫేజొచ్చింది, మోటర్ ఏస్తున్న!” స్టార్టర్ టక్కుమంది. బోరు మోటర్ రొద మొదలైంది. తెరమీద ఎఫ్ డ్రైవ్ పోయింది.

నేను లేచి, కేబుల్ ఊగుతోందేమో చూద్దామని ఎడమ చెయ్యి కంప్యూటర్ మీద, కుడి చెయ్యి డిస్కు డబ్బా మీద వేశాను. రెండు భుజాలూ ఎవరో పట్టి విదిలించినట్టయింది. చేతులు వాటంతటవే ఎగిరి వెనక్కొచ్చాయి. కుర్చీ మీద పడ్డాను. ఒకదాన్ని ముట్టుకుంటే షాకు కొట్టడం నాకు తెలుసు. రెంటినీ ఒకేసారి పట్టుకుంటే కొట్టడం ఏమిటి? ఆ రెండు డబ్బాల మధ్య కరెంటు ఉంది. ఎర్త్ వైరు పని ఇనుప వస్తువుల్లోకి వచ్చిన కరెంటును భూమిలోకి పంపడం. ఆ ఇంట్లో రెండు వేరువేరు ఎర్త్‌లున్నాయి, వాటిలో ఒకదాంట్లో కరెంటు పారుతోంది. మోటర్ వేసినప్పుడే. నల్లా జివ్వుమంటదని బాలమణి అక్క చెప్పింది.

ఇదంతా రాయడానికి ఇంతసేపు పట్టింది గానీ, అప్పుడు ఒక్క శ్వాసలో తోచింది. ఆ శ్వాస వదిలేలోపే పెరట్లో ఏదో బరువుగా కూలిన చప్పుడు, వెంటనే బాలమణి అక్క కేక.

వెనక గుమ్మం దగ్గరకు పరుగెత్తాను. తొట్టి పక్కన బర్రె పక్కకు పడిపోయి ఉంది. నీళ్లు తాగడానికి తొట్టిలో మూతి పెట్టినట్టుంది, బోరు ఇనుప పైపు ఆ తొట్టిలోకే పడుతోంది. కాళ్లు నాలుగూ కట్టెల్లా బిగుసుకుని వణుకుతున్నాయి. బాలమణి అక్క బిందె పడేసి, “నల్లమ్మా! నల్లమ్మా!” అంటూ తడి నేల మీద దాని వైపు ఉరుకుతోంది.

“ముట్టకు! అక్కా, ముట్టకు! కరెంటుంది!” అని అరిచాను.

ఆమెకు వినబడలేదు. నా వెనకే వచ్చిన విజయలక్ష్మి గారు నన్ను దాటుకుని దూకి, ఆమె నడుము రెండు చేతులా వాటేసుకుని వెనక్కి గుంజారు. ఇద్దరూ కలిసి మెట్ల మీద పడ్డారు. బాలమణి అక్క గింజుకుంటోంది. “ఇడువమ్మా, నా బర్రె సచ్చిపోతది, ఇడువు!” ఆవిడ వదల్లేదు.

స్టార్టర్ తొట్టి పక్కనే ఉంది. అక్కడికి వెళ్లడం కుదరదు. మెయిన్ స్విచ్ పాత ఇంటి వరండాలో ఉండటం పెరట్లోకి వస్తూపోతూ చూశాను, అది గుర్తొచ్చింది. పక్క సందులోంచి పరుగెత్తాను. వరండాలో ఒక చెక్క పీట కనబడితే మెయిన్ కిందికి లాగి, దాని మీద ఎక్కాను. మూలన ఉన్న పొడి కర్ర తీసుకుని మెయిన్ హ్యాండిల్‌ని పైనుంచి కొట్టాను. రెండు దెబ్బలకు పడింది. మోటర్ రొద ఆగిపోయింది.

తిరిగి వచ్చేసరికి యాదయ్య గారు బర్రె తల దగ్గర కూర్చుని ఉన్నారు. దాని వణుకు ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆయన దాని చెవి పట్టుకుని చూసి, వదిలేసి, తువ్వాలతో మొహం కప్పుకున్నారు.

విజయలక్ష్మి గారు నాకు గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చారు. ఆమె మోచేయి మెట్టుకు కొట్టుకుని రక్తం కారుతోంది, ఆమె దాన్ని చూసుకోనే లేదు.

“బటన్ నేనే ఒత్తిన” అంది బాలమణి అక్క. “నేనే ఏసిన మోటరు.”

“నీ తప్పు లేదక్కా” అన్నాను. “నువ్వు నాకు మొదటి రోజే చెప్పినవ్. నేనే నవ్విన.”

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. “నీకొక్కదానికేనా బిడ్డా? ఈయనకు చెప్పిన. వైరింగ్ చేసినాయనకు చెప్పిన. అందరు చెప్పులేస్కో అన్నరు. ఏస్కున్న. దానికెట్ల ఏయాలె చెప్పులు?”



సాయంత్రం లోపల లైన్‌మన్ వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. కొత్త గదుల ఎర్త్ వైరు వెంబడి నడుచుకుంటూ పోయి, బోరు దగ్గర ఆగి, నన్ను పిలిచాడు. ఎర్త్ కోసం గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇనుప పలక పాతిపెట్టాలి. వైరింగ్ చేసినతను ఆ శ్రమ పడకుండా ఆ వైరును బోరు పైపుకి చుట్టేశాడు. బోరులో ఎలాగూ నీళ్లుంటాయి కదా అనుకున్నాడేమో. మోటర్ లోపల చుట్టిన తీగ వానలకు తడిసి, కరెంటు పైపులోకి దిగడం మొదలైంది. రోజురోజుకీ ఎక్కువవుతూ వచ్చింది. మెయిన్‌లో ఫ్యూజు పోవాలి కదా అంటే, అక్కడ సన్న తీగ బదులు లావుపాటి రాగి తీగ కట్టి ఉంది.

“ఇది ఎర్త్ కాదమ్మా. ఇల్లంతటికీ కరెంటు పంచిపెట్టే తీగ” అన్నాడు లైన్‌మన్. తర్వాత గోడ మీద, బాలమణి అక్క బట్టలారేసే జీఐ ఇనుప తీగ వైపు చూపించాడు. దాని ఒక కొస బోరు పైపుకే కట్టి ఉంది. దాని మీద తడి చీరలు వేలాడుతున్నాయి. అది చూసి అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

డిస్కు ఎందుకు మాయమయిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. కంప్యూటర్ ఉన్నది కొత్త ఎర్త్ మీద, డిస్కు ఉన్నది పాత ఇంటి మంచి ఎర్త్ మీద. మోటర్ వేసిన ప్రతిసారీ బోరు పైపులోని కరెంటు ఆ కేబుల్ గుండా పాత ఇంటి వైపు దారి చూసుకుంది. ఆ గందరగోళంలో కంప్యూటర్‌కి డిస్కు మాట వినబడక, లేదనుకుని వదిలేసింది. నేను బిగించిన స్క్రూ, మార్చిన కేబుల్, కార్డు అన్నీ ముందూ బాగానే ఉన్నాయి, తర్వాతా బాగానే ఉన్నాయి. మా షాపులో మూడు రోజులూ అది ఎందుకు మాయం కాలేదంటే, మా షాపులో బోరు లేదు.

వారం రోజుల్లో యాదయ్య గారు మోటర్ పైకి తీయించి, పెరట్లో రెండు చోట్ల ఎర్త్ గుంతలు తవ్వించారు. ఆ తవ్వకం ఆయన ఎవరికీ వదల్లేదు, దగ్గర నిలబడి బొగ్గూ ఉప్పూ తన చేత్తో వేశారు. రెండు ప్లగ్గులూ నేను ఒకే బోర్డులోకి మార్చాను. ఎనిమిది నెలల ఫైళ్లలో ఒక్కటీ పోలేదు. ఎఫ్ డ్రైవ్ మళ్లీ మాయం కాలేదు.

“ఆ డిస్కు అన్నిసార్లు మాయం కాకపోతే, ఆ రోజు మీరు ఇక్కడ ఉండేవారు కాదండీ. నేను చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉండేదాన్ని. ఆమె అరిచినా నాకు వినబడేది కాదు” అన్నారు విజయలక్ష్మి గారు, నేను బయల్దేరుతుంటే. నన్ను ఓదార్చాలనే అన్నారు. బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ డిస్కు మూడుసార్లు పిలిచింది, నేను మూడుసార్లూ డబ్బా మూత తెరిచి లోపలికే చూశాను.

తర్వాత చాలా ఏళ్లు అదే పనిలో ఉన్నాను. వచ్చిపోయే తప్పు ఏదైనా సరే, ముందు ఇంట్లో అందరినీ అడగడం మొదలుపెట్టాను. గిన్నెలు తోమేవాళ్లను, వాచ్‌మన్‌ను, వంటింట్లో ఉన్నవాళ్లను. కంప్యూటర్ గురించి కాదు. ఈ మధ్య ఈ ఇంట్లో మీకు వింతగా అనిపించిందేమిటి అని. వాళ్లు చెప్పింది నాకు తెలిసినదానిలో ఇమడకపోతే, అప్పుడు ఇంకా శ్రద్ధగా విన్నాను. చేతిలో టెస్టర్ పట్టుకుని నల్లాలు, గ్రిల్లులు, బట్టల తీగలు ముట్టించి చూస్తుంటే, కంప్యూటర్ బాగు చెయ్యమని పిలిస్తే ఈ అమ్మాయి స్నానాల గదిలో ఏం చేస్తోందని నవ్వినవాళ్లు ఉన్నారు.

నిజాంపేటలో ఒక ఇంట్లో, గీజరు పైపు మీద పెట్టగానే టెస్టర్‌లో ఎర్ర దీపం వెలిగింది. ఆ ఇంటావిడ పక్కనే బకెట్ దగ్గర పాపకు తల రుద్దుతోంది. “పాపను ఎత్తుకుని బయటికి రండమ్మా, దేన్నీ ముట్టుకోకండి” అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు, నా మొహం చూసి వచ్చేసింది. నేను వెళ్లి మెయిన్ ఆపేశాను. వాళ్ల కంప్యూటర్‌కి ఏమైందో ఆ రోజు చూడనే లేదు.