ఐదువందల డాలర్లకు ఎన్నొస్తాయి?

ఆస్ట్రేలియాలోని బెండిగోలో పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన క్లైవ్ రోజూ పెన్సిల్ మొన నాలుకకు తాకించి ఒకటే లెక్క వేస్తాడు: ఐదువందల డాలర్లకు గనుల కంపెనీ షేర్లు ఎన్నొస్తాయి? బ్రోకరు ఫీజు పది డాలర్లు ముందే తీసేసి, మిగిలినదాన్ని ధరతో భాగిస్తాడు. ఏడాదిగా ఇదే తంతు. ఈ ఉదయం భార్య బెరిల్‌కు ఓపిక నశించింది. "లెక్కలు చాలుగానీ, కొనిపారెయ్!"

క్లైవ్ స్పీకర్ పెట్టి బ్రోకరుకు ఫోన్ చేసి, తన లెక్కలో వచ్చిన నూట పంతొమ్మిది షేర్లు అడిగాడు. "వాటి విలువ ఐదువందలకు తక్కువే పెద్దాయనా. మొదటిసారి కనీసం ఐదువందల విలువైన షేర్లు కొనాలి. మా ఫీజు పది దానిమీద అదనం," అన్నాడు బ్రోకరు. "ఏడాదిపాటు కొనలేని షేర్లనా లెక్కపెట్టావు, మహానుభావా!" బెరిల్ తల పట్టుకుంది. బిస్కెట్ల డబ్బాలోంచి ఇరవై డాలర్ల నోటు తీసి బల్లమీద కొట్టింది. "ఇక కొను!" క్లైవ్ నోటు మడతలు సరిచేసి, రబ్బరుతో పాత అంకెలు జాగ్రత్తగా చెరిపాడు. "ఉండు బెరిల్. ఇప్పుడు లెక్కంతా మళ్ళీ మొదటికొచ్చింది."