సైకిలు కింద రెండు నిమ్మకాయలు

నా పాత సైకిలుకు ఈ రోజు మోటారు కిట్టు నేనే బిగించాను. వెనుక చక్రం మార్చి, బ్యాటరీ కట్టి, ఎక్కబోతుంటే మా అమ్మ రెండు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది.

"సైకిల్‌కు పూజేందమ్మా?" అన్నాను.

"మోటర్ వెట్టినవ్ గదా, ఇగ గది బండే," అంటూ కొబ్బరికాయ కొట్టింది.

భూపాలపల్లిలో మా క్వార్టర్ల వరుసంతా బయటికొచ్చి చూస్తోంది. ఠీవిగా యాక్సిలరేటర్ తిప్పాను. చక్రం కదల్లేదు. మళ్లీ తిప్పాను. ఊహూఁ.

"నిమ్మకాయనే ఎక్కుతలేదు, గిది నిన్నెట్ల మోస్తది?" అన్నాడు పక్కింటి సాంబయ్య మామ.

అప్పుడు చూసుకున్నాను. అంతమంది ముందు బండి ఎక్కడ దూకుతుందోనని నా ఎడమ చేయి బ్రేకును బిగించి పట్టుకుంది. బ్రేకు పడితే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. ఆ వైరు కలిపిందీ నేనే. చేయి వదిలాను. నిమ్మకాయలు చితికాయి, సైకిలు గేటు దాటింది.

పూజ వల్లే నడిచిందని అమ్మ, నా వైరింగు వల్ల అని నేను. మీరు ఎవరి వైపో చెప్పండి. సాంబయ్య మామ మాత్రం ఇప్పుడే తన సైకిలు నడిపించుకుంటూ వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు, చేతిలో రెండు నిమ్మకాయలతో.