నల్ల మోలీ పురుడు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. జువాలజీలో ఫస్టు క్లాసు, అయిదేళ్ల కూతురు, కడుపులో ఏడో నెల. ఇన్ని అర్హతలున్న మనిషికి ఇంకొకరు చెప్పేదేముంటుంది? ఆ జ్ఞానమంతా నీళ్లపాలు కాబోతోందని నాకు మొదట అనుమానం తగిలిన క్షణం మాత్రం బాగా గుర్తుంది. కుప్పంలో మా ఇల్లు, సాయంత్రం కాఫీ వేళ. గాజు తొట్టి ముందు గొంతుక్కూర్చున్న మా బుడ్డది తల తిప్పకుండా, "అమ్మా, చాపకు గూడా నీ మాదిరే పొట్టొచ్చిండాది" అంది.

"ఎక్కువ మేసుంటాది లే" అన్నాను, ఫస్టు క్లాసు గొంతుతో.

అంత ధీమా ఎందుకంటే, ఆ చేపను ఎంచి తెచ్చింది నేనే. "ఇంట్లో ఒక పురుడు వస్తాండాది, ఇంకోటి నాచేత కాదు" అని మా అత్తమ్మ ముందే హెచ్చరించింది. ఒంటరి ఆడచేపకు పిల్లలెలా పుడతాయని ఆమెకు శాస్త్రీయంగా నచ్చజెప్పి, మదనపల్లెలో నల్ల మోలీ ఒకటి, ఒకే ఒకటి, అదీ ఆడదాన్ని కొన్నాను. నీళ్ల కవరు ఒళ్లో పెట్టుకుని, పుంగనూరులో బస్సు మారి (గుంత వచ్చినప్పుడల్లా కడుపును వదిలేసి కవరును పట్టుకుని) దాన్ని క్షేమంగా ఇల్లు చేర్చాను.

పొట్ట సంగతి చెప్పిన రెండో రోజు సాయంత్రం బుడ్డది కేకేస్తే అత్తమ్మా నేనూ పరిగెత్తాం. మోలీ గుడ్లు పెట్టే చేప కాదు. గుడ్లను కడుపులోనే పొదిగి, ఈదే పిల్లల్నే కంటుంది. జీలకర్ర గింజలంత నల్లటి పిల్లలు ఒక్కొక్కటే జారిపడి, పడుతూనే ఈదుకుంటూ పోతున్నాయి.

"మగచాపే లేనిదే ఈ కడుపు యాడ్నుంచి వచ్చె, మే? మీ కాలేజీలో చెప్పింది ఇదేనా?" అంది అత్తమ్మ.

అంగడాయనకు ఫోన్ చేశాను. "మా తొట్లోనే చూడి కట్టింటాది అక్కా. ఒకసారి మగదానితో కలిసిందంటే, ఆ బీజాన్ని నెలల తరబడి లోపలే దాచిపెట్టుకుంటాది. ఇంక మగదాన్ని సూడకున్నా మళ్లీ మళ్లీ ఈనతానే ఉంటాది" అన్నాడు, అదేదో కొన్నదానిపై ఇచ్చిన బహుమానమైనట్టు.

స్పీకరులో అంతా విన్న అత్తమ్మ, "బెంగళూరు నుంచి శనివారం రైలుకొచ్చే నీ మొగుడికి సెప్పు. మగోళ్లతో పని ఇంతేనంట" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. మేం నవ్వుతుండగానే మోలీ వెనక్కి తిరిగి ఒక పిల్లను మింగింది. ఇంకొకటి. మరొకటి. (ఈ పాఠం చెప్పిన రోజు నేను కాలేజీకి ఎగనామం పెట్టినట్టున్నాను.) దానికి తన పిల్లా, పరాయి పిల్లా అని ఉండదట. నోట్లో పట్టేంత చిన్నగా కదిలేదేదైనా మేతేనట. అత్తమ్మ వంటింట్లోంచి టీ వడకట్టే జాలి పట్టుకుని ఉరికొచ్చింది. "పాపిష్టిదానా, కన్నతల్లివేనా నువ్వు?" అని తిడుతూ మిగిలినవాటిని తోడి గాజు సీసాలో పోసింది. పదకొండు దక్కాయి.

బుడ్డది ఏడవలేదు. నా పొట్ట వైపు ఒకసారి చూసి, వాళ్లవ్వ వెనక్కి జరిగింది. ఆ రాత్రి నా పక్కన పడుకోనంది. దుప్పటి కింది నుంచి అడగడం నాకు వినబడుతూనే ఉంది.

"అవ్వా, అమ్మ గూడా పాపను తింటాదా?"

"తినదు లే, పండుకో."

"మరి నన్ను?"

"నిన్ను తినేదైతే ఇన్నాళ్లు యాల ఆగుతాది?"

ఆహా, ఎంత ధైర్యం చెప్పింది మా అత్తమ్మ! నాకు మాత్రం నిద్ర లేదు. నన్ను చూసి నా బిడ్డే భయపడడం అంతకు ముందెప్పుడూ నాకు తెలియదు.

ఇప్పుడు పిల్లలిద్దరినీ నిద్రపుచ్చి ఇది రాస్తుంటే, అన్నీ తెలుసనుకున్న ఆ పొట్టమనిషిని తలుచుకుని నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. తెల్లవారేసరికి నేను పెద్ద ఉపన్యాసమే సిద్ధం చేసుకున్నాను. కానీ నా చేతి పాలగ్లాసు అందుకోకుండా గడపలోనే నిలబడిన బుడ్డదాన్ని చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. అందుకని నా పిల్లలిద్దరికీ, ఎదురుగా ఉన్నదానికీ కడుపులో ఉన్నదానికీ వినబడేలా, ఇంతే చెప్పాను.

"ఆ చాపకు అది తన బిడ్డేనని తెలీదు తల్లీ. నాకు తెలుసు. అయినా నీకు అనుమానంగా ఉంటే పాప పుట్టేప్పుడు ఆస్పత్రికి నువ్వే కాపలా రా. టీ జాలి గూడా తెచ్చుకో."

(తెచ్చుకుంది.)