అమ్మ మెసేజీలో మాటలెన్ని

బాలానగర్‌లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు టైపు చేస్తూ తొమ్మిదేళ్లు గడిపాను. తర్వాత కోడింగ్ నేర్చుకుని, ముప్పై నాలుగేళ్ల వయసులో మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. టీమ్‌లో అందరికన్నా పెద్దదాన్ని, కొత్తదాన్ని కూడా నేనే.

మేం ఒక దవాఖాన కోసం ప్రోగ్రామ్ రాస్తున్నాం. రోగి ఫోన్‌లో తెలుగు మెసేజీ పంపితే, ఖాళీ ఉన్న చోటల్లా దాన్ని కోసి మాటలుగా విడదీయాలి. వాటిలో నొప్పి, రక్తం, ఆయాసం లాంటి మాట దొరికితే ఆ మెసేజీ నర్సు జాబితాలో పైకి వెళ్తుంది. దొరక్కపోతే ‘సాధారణం’ అని కిందికి పోతుంది.

రెండో వారంలో మా టీమ్ లీడ్ అందరికీ అది చూపించాడు. భీమవరం వైపు మనిషి, ఎవరితోనైనా మర్యాదగా మాట్లాడతాడు. పరీక్షకు పెట్టిన ప్రతి మెసేజీ సరిగ్గా పైకొచ్చింది.

“ఇవన్నీ ఎవరు రాసిన్రు సార్?” అన్నాను.

“మనవాళ్లేనండి. ఏం?”

“మంచిగ ఖాళీలిచ్చి రాసిన్రు. బయట గిట్ల ఎవ్వరు రాయరు.”

ఆ మాట ఊరికే అనలేదు. జనం రాసి తెచ్చినవి టైపు చేసి చేసి, ఎవరు ఎక్కడ ఖాళీ వదలరో నా చేతికే తెలుసు. అక్కడే కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, ఛాతిల నొప్పి లేస్తే దవాఖానకు ఎట్ల రాస్తవో గట్ల రాసి నాకు పంపు.”

“ఎవరికి లేసిందే నొప్పి?” అంది అమ్మ.

“ఎవరికి లేదు. ఆఫీసు పని. ఫికర్ జేయకు.”

కాసేపటికి మెసేజీ వచ్చింది: ‘ఛాతిలనొప్పివుంది,,దమ్మొస్తుంది’.

ప్రోగ్రామ్‌లో పెట్టాం. మాటలు: ఒకటి. సాధారణం.

లీడ్ తన కుర్చీ నాకిచ్చాడు. ప్రోగ్రామ్ ముందు కామాలు, చుక్కలు తీసేసి వాటి చోట ఖాళీలు పెట్టేలా మార్చాను. తర్వాత కోయించాను, ఎన్ని ఖాళీలు వరసగా పడ్డా ఒక్కటిగానే లెక్కించేలా. మాట అచ్చంగా ‘నొప్పి’ కానక్కర్లేదు, లోపల ‘నొప్పి’ ఉంటే చాలని మార్చాను. వెతకాల్సిన మాటల్లో, ఆయాసానికి మావైపు అనే ‘దమ్ము’, ‘దమ్మొ’ కూడా చేర్చాను.

“నొప్పి లేదు అని రాసినా పైకొచ్చేస్తుంది కదండీ?” అన్నాడు లీడ్.

“రానియ్యండి సార్. లేదని చదివి నర్సు పక్కన పెడతది. ఉన్నోళ్లను మనం పక్కన పెట్టొద్దు.”

ఆయన తలూపాడు. అలాగే దవాఖానకు ఇచ్చాం.

వాడకం మొదలైన కొన్నాళ్లకు చందానగర్ నుంచి ఒకావిడ భర్త గురించి రాసింది: ‘చెమటలుపట్టినయ్ఎడమచెయ్యినొప్పి’. అది పైకొచ్చింది. నర్సు వెంటనే ఫోన్ చేసి పిలిపించింది. సమయానికి వచ్చారు, ఆయన బతికాడు.

దవాఖాన నుంచి ఆ కబురు వచ్చిన రోజు లీడ్ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “ఇంకా ఏ మాటలు చేర్చాలో మీరే చెప్పండి.”

‘గాబరా’, ‘కండ్లు తిరుగుడు’తో మొదలుపెట్టి, అప్పటికే రాసి పెట్టుకున్న రెండు పేజీలు ఆయన చేతిలో పెట్టాను.