అవతలి ఒడ్డున ఆరేసిన తెల్లబట్టలు

అయ్యగారు ఇక లేరన్న కబురు పునరుత్థాన పండుగ పొద్దున వచ్చింది. ఆరాధన మొదలుపెట్టాలా, ఆయన కోసం ఇంకాసేపు ఆగాలా అని మేమంతా గుడి ముందు తర్జనభర్జన పడుతున్నాం. ఏరు దాటించే పుట్టి నడిపే తాత తలగుడ్డ చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "నిన్న సాయంత్రం రేవులో ఎంతసేపు చూసినా రాలేదు తల్లీ. పొద్దున్నే మళ్ళీ పోయి అడిగా. అవతల తుపాకులోళ్ళు గట్టు ఎక్కనియ్యలేదంట, కాల్చేశారంట. అక్కడి మీవాళ్ళే ఇసకలో పూడ్చిపెట్టారంట," అన్నాడు. లోపల అయ్యగారి ఇల్లాలు అమ్మగారు బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తున్నారు. ఆ మాట విని కూడా ఆమె చేయి ఆగలేదు. నాలుగు మూలలూ సరిచేసిన తర్వాతే కిందకి కూలబడ్డారు.

ఆయన మా కృష్ణ ఒడ్డు పల్లెలకు సంఘకాపరి. దాచేపల్లి నుంచి మాచవరం దాకా ఎవరింట్లో చావైనా, పుట్టుకైనా నడిచే వెళ్ళేవారు. నేను ఆయన పెట్టిన బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతాను. ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు ఉన్నారు. ఆయన ఎందుకు పోయారో తెలిసినదాన్ని మాత్రం నేనే, అందుకని రాస్తున్నాను.

మా అక్కను ఏటి అవతల నైజాము పల్లెలో ఇచ్చారు. ఇక్కడ స్వరాజ్యం వచ్చిందని మేం మిఠాయిలు పంచుకున్నాం. అక్కడ గొడవలు ముదిరాయి. పగలు ఒక గుంపు వచ్చి, వాళ్ళకెందుకు అన్నం పెట్టారని కొడుతుంది. అది వెళ్ళగానే ఇంకో గుంపు వచ్చి వీళ్ళకెందుకు పెట్టారని కొడుతుంది. మనవాళ్ళ ప్రార్థన పాకను తగలబెట్టారు. యేసు పేరెత్తితే తెల్లోళ్ళ మనుషులన్నారు. చలికాలంలో అక్క తాత చేత కబురు పంపింది: "మాకు గింజలు వద్దు. అయ్యగారు ఒక్కసారి వచ్చి ప్రభువు బల్ల ఇచ్చిపోతే చాలు." ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం ముట్టక ఆరు నెలలయిందట.

సంఘం కూర్చుంది. మా పెద్దాయన, సంఘంలో మొదటి మాట ఆయనదే, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. "మీరు పోతే ఏమొస్తది అయ్యగారూ? ఒకపూట పాట పాడి ఇవతలికొస్తారు. ఆ పాట విన్నోళ్ళు మర్నాడు వాళ్ళ ఇళ్ళ మీద పడతారు. ధైర్యం మీది, దెబ్బలు వాళ్ళయి."

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "మీ తోడబుట్టినోళ్ళు అవతల లేరు గదా, ఎన్నయినా చెబుతారు," అని అరిచాను. ఆడమనిషి సభలో అరవడం ఏందని ఎవరో గొణిగారు.

జవాబు దొరకనప్పుడు అయ్యగారు కళ్ళద్దాలు తీసి కండువా కొసతో తుడుచుకునేవారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు. "పెద్దాయన మాట నిజమే. అయినా పోతా," అన్నారు.

ఆయనకు నీళ్ళంటే ప్రాణభయం. పుట్టి మధ్యలో గొంతుక్కూర్చుని, రొట్టె, గిన్నె ఉన్న రేకుపెట్టెను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకునేవారు. "మీ దేవుడు నీళ్ళ మీద నడిచాడంట గదా, మీరు కూచోటానికే ఇంత భయమేంది?" అని తాత ఆటపట్టించేవాడు. "ఆయన సంగతి వేరు తాతా, నాకు ఈత రాదు," అనేవారు కళ్ళు తెరవకుండానే. మొదటిసారి పోయి క్షేమంగా వచ్చారు. అక్క బతికే ఉందని, చిక్కిపోయిందని, పాట మాత్రం ఎప్పటిలాగే శ్రుతి తప్పి పాడిందని చెప్పారు. నేను నవ్వాను, ఏడ్చాను.

రెండోసారి ఒక చిన్న మూట తెచ్చారు. మా ఇళ్ళల్లో పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా కాపరి కోసం ఒక పిడికెడు గింజలు తీసి వేరే కుండలో వేస్తాం. అవతల వాళ్ళు ఆ పస్తుల్లోనూ, వండిన ప్రతిపూటా, రాని కాపరి కోసం పిడికెడు జొన్నలు తీసి ఉంచారు. అయ్యగారు ఆ మూట గుడిలో పెట్టి విప్పారు. "నేను పోతే వాళ్ళ కడుపు నిండదు. పోకపోతే మాత్రం ఈ పిడికెడు ఎవరికోసం తీశారో వాళ్ళకి తెలియకుండా పోద్ది," అన్నారు. పెద్దాయన బయటకు వెళ్ళి నిలబడ్డాడు.

అప్పటికే అవతలి రేవులో తుపాకులోళ్ళ ఆరాలు మొదలయ్యాయి. అందుకని ఒక గుర్తు పెట్టుకున్నారు. రావచ్చు అనుకున్న రోజున అక్క బట్టలుతికే బండ మీద ఒక్క తెల్లబట్ట ఆరేయాలి. ఒక్కటే. వేసవిలో ఏరు సన్నబడితే ఆ బండ మా రేవులోకి బాగా కనిపిస్తుంది. నెలరోజులు చూశాం. బండ ఖాళీగానే ఉంది.

పండుగ ముందటి శనివారం పొద్దున నేను రేవులో బట్టలు ఉతుకుతున్నాను. అయ్యగారు రోజూలాగే వచ్చి చూపు ఆనించి నిలబడ్డారు. అవతలి బండ నిండా తెల్లబట్టలు, పక్కన ఇసకలోనూ తెల్లబట్టలు. "ఒకటని గదమ్మా చెప్పింది?" అన్నారు.

"ఒకటేంది అయ్యగారూ, అందరూ పిలుస్తన్నారు," అన్నాను నేను.

ఆ మాట అనేటప్పుడు నేను పిండుతున్నది నా తెల్లచీరే. పునరుత్థాన పండుగకు ఇంటిల్లిపాదీ తెల్లబట్టలు కట్టడం మా ఆనవాయితీ. ముందురోజు ఉతుక్కోని ఇల్లు ఉండదు. పాక కాలిపోయినవాళ్ళు, నోరెత్తి పాడలేనివాళ్ళు పండక్కి బట్టలు ఉతుక్కుంటారన్న ఆలోచన నాకు తట్టలేదు. ఆయనకు తట్టకుండా ఉంటుందా? నా చేతిలో చీర వంక చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "రేపు పొద్దున ఆరాధనకల్లా వస్తా, అమ్మగారికి చెప్పు," అని రేకుపెట్టె కోసం ఇంటికి వెళ్ళారు.

పండుగ దాటాక తాత చేత అక్క మళ్ళీ కబురు పంపింది. "మేం పిలవలేదే చెల్లే. పండక్కి ఉతుక్కున్నాం. ఆయన గట్టు కింద నిలబడి ఉంటే చూసి, రావద్దని చేతులూపాం. అప్పటికే తుపాకులోళ్ళు గట్టు దిగారు." ఆ ఉతికిన బట్టల్లోనే ఆయన్ని చుట్టి పెట్టారట. పండుగ నాడు కట్టుకోవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదట.

పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. అమ్మగారైతే, "నువ్వు చెప్పకపోయినా పోయేవారే," అని నా తల నిమిరారు. అది ఓదార్పో, నిజమో నాకు తెలియదు. తెలిసే దారి ఇసకలో పూడిపోయింది. పోవాలని అరిచింది నేను, పొమ్మన్నది నేను, బతికి ఉన్నది నేను.

పోయిన వారం కొత్త కాపరి వచ్చాడు. చిన్నవాడు, భార్యకు నెలలు నిండాయి. అవతలి సంగతి అడిగాడు. ఇక ఎవరూ ఏరు దాటకూడదని సంఘం తీర్మానం రాసుకుందని పెద్దాయన చెప్పాడు. నేను తల వంచుకుని విన్నాను. పొయ్యి దగ్గర మాత్రం చేయి అలవాటుగా పిడికెడు తీస్తూనే ఉంది.

ఈ పొద్దున రేవుకు వెళ్ళాను. ఈ రోజు ఏ పండుగా లేదు. అవతల బండ మీద ఒక్క తెల్లబట్ట ఉంది. ఒక్కటే. నాలుగు కొసల మీదా రాళ్ళు పెట్టారు. మీకు చెబుతున్నాను గాని, ఇక్కడ ఇంకా ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చూశాను. బట్ట ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, ఎవరూ తీయలేదు.